ఈఎల్ఎమ్‌లకు కాయిల్సా, పెల్లెట్లా?

చుక్కాని: టోకమాక్‌లో (ఫ్యూజన్ కోసం ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే గుండ్రటి యంత్రం) హెచ్-మోడ్‌లో, అంటే వేడి బాగా నిలిచే స్థితిలో, ప్లాస్మా అంచున పేలే ఈఎల్ఎమ్‌లను ఆర్ఎంపీ కాయిల్స్‌తో (అంచు అయస్కాంత క్షేత్రాన్ని కాస్త కదిలించేవి) అణిచేస్తే ప్లాస్మా సాంద్రత పడిపోతోంది. గడ్డకట్టిన ఇంధనపు పెల్లెట్లు కొట్టి ఈఎల్ఎమ్‌లను చిన్నచిన్నవిగా పేల్చుకోవడమే నయమా? డైవర్టర్ (బయటికొచ్చే వేడిని, వ్యర్థాలను తీసుకునే భాగం) మీద వేడి ఎంత తగ్గిందో కూడా చెప్పండి.

గోడపక్షం: ఈఎల్ఎమ్‌ల గురించి తర్వాత, ముందు డిస్రప్షన్ల (ప్లాస్మా ఒక్కసారిగా కుప్పకూలడం) సంగతి చూడండి. మిల్లీసెకన్లలో వేడంతా గోడకు కొడుతుంది, వెనకే అదుపు తప్పి దూసుకొచ్చే రనవే ఎలక్ట్రాన్లు. అవి తగిలి కరిగిన టైల్‌ను చేత్తో పట్టుకుని చూశాను, అప్పట్నుంచి నాకు అదొక్కటే టెన్షన్.

న్యూరాన్99: అందుకేగా ఏఐ! 2022లో డీప్‌మైండ్ వాళ్లు స్విట్జర్లాండ్ టోకమాక్ టీసీవీలో 19 కాయిల్స్‌ను ఒకే నెట్‌వర్క్‌తో నడిపారు. 2024లో అమెరికా టోకమాక్ డీత్రీడీలో టియరింగ్ మోడ్‌ను (క్షేత్ర రేఖలు చిరిగి డిస్రప్షన్‌కు దారితీసే అస్థిరత) 300 మిల్లీసెకన్ల ముందే పసిగట్టి తప్పించారు.

పాతకాపు: టీసీవీలో చేసింది ఆకారం పట్టుకోవడం. దాన్ని అస్థిరతల ఖాతాలో వేయకండి.

న్యూరాన్99: నిలువుగా సాగదీసిన ప్లాస్మా పైకో కిందకో జారిపోవడం అస్థిరత కాదా? అది పట్టకుండా ఆకారం ఎలా నిలుస్తుంది?

పాతకాపు: వర్టికల్ కంట్రోల్ లూప్‌లు ట్యూన్ చేస్తూ జుట్టు నెరిసినవాణ్ణి, నాకు నేర్పకండి. మామూలు కంట్రోలర్లు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనే అది. మీ నెట్‌వర్క్ నేర్చుకోవాలంటే చెడిపోయిన షాట్లు (ప్లాస్మా ప్రయోగాలు) కావాలి. ఫ్రాన్స్‌లో కడుతున్న భారీ టోకమాక్ ఈటర్‌లో ఫుల్ కరెంట్ దగ్గర అన్ని డిస్రప్షన్లు ఎవరు చేయనిస్తారు?

న్యూరాన్99: చిన్న మెషీన్లలో నేర్పి పెద్దదానికి మార్చే దారి ఉంది, అందరూ పనిచేస్తున్నదే దాని మీద. జుట్టు నెరవడం వాదన కాదండీ.

మెలిక: స్టెలరేటర్‌కు (మెలితిరిగిన కాయిల్స్‌తోనే ప్లాస్మాను పట్టే యంత్రం) రండి, ఈ గొడవే ఉండదు. జర్మనీలోని వెండెల్‌స్టైన్ 7-ఎక్స్‌లో ప్లాస్మాకు పెద్ద కరెంటే అక్కర్లేదు, టోకమాక్‌లో చూసే కరెంట్ డిస్రప్షన్లు దానికి లేవు.

గోడపక్షం: ఆ వంకర కాయిల్స్ మిల్లీమీటర్ల లెక్కలో కూర్చోబెట్టడం ఎంత నరకమో కట్టినవాళ్లను అడగండి.

చుక్కాని: నా ప్రశ్న ఎవరైనా చదివారా?

కేస్టార్_అభిమాని: చదివాను. సాంద్రత పడిపోవడాన్ని పూర్తిగా నష్టంగా చూడకండి. టంగ్‌స్టన్ గోడ ఉంటే మలినాలు లోపల పేరుకుంటాయి, వాటిని బయటికి తోసేవి ఈఎల్ఎమ్‌లే. అవి పూర్తిగా ఆగినప్పుడు ఆ పని వేరే ఏదో చేయాలి, కాయిల్స్ వల్ల కణాలు బయటికి కారడం అక్కడ పనికొస్తుంది. తగ్గిన సాంద్రతను లోతుగా వెళ్లే పెల్లెట్లతో నింపండి. ఈటర్ కూడా 27 కాయిల్స్ గదిలోపలే పెట్టుకుని, పెల్లెట్లను వదల్లేదు. అయితే అణచివేత క్యూ95 (అంచు దగ్గర క్షేత్ర రేఖల మెలిక ఎంతో చెప్పే సంఖ్య) ఇరుకు కిటికీలోనే దొరుకుతుంది, కాస్త జారితే పేలుళ్లు మళ్లీ మొదలు. మీది ఎంత?

చుక్కాని: 3.9. కిటికీ అంచుననే ఉన్నానన్నమాట. కాయిల్స్ టొరాయిడల్ మోడ్ నంబర్ (వాటి క్షేత్రం చుట్టూ ఎన్నిసార్లు తిరిగి వస్తుందో చెప్పేది) 3 పెట్టాను.

కేస్టార్_అభిమాని: 3.5 వైపు దించి, కరెంట్ ర్యాంప్ మెల్లగా చేసి చూడండి. అప్పటికీ పేలితే కాయిల్స్ కరెంట్ల ఫేజ్ మార్చండి.