పాత సర్వే క్యాంపు ట్రైలర్ బాగుచేస్తున్నాను, పైకప్పు కారుతోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

వైనతేయ గట్టు:

అందరికీ నమస్కారం అండి. మాది పి.గన్నవరం దగ్గర ఊరు, కొబ్బరితోట ఉంది. పోయిన నెల ఒక చిన్న ట్రైలర్ కొన్నాను. ఒకప్పుడు మన కోనసీమలో చమురు కోసం సర్వే చేసేవాళ్లు పొలాల మధ్య క్యాంపులు వేసుకుని ఉండేవారు కదా, అలాంటి క్యాంపులో మనుషులు పడుకునే చక్రాల గది. పాత ఇనుము కొనేవాళ్ల దగ్గర ఏళ్ల తరబడి పడి ఉంది. పొడవు 12 అడుగులు, వెడల్పు ఆరున్నర, ఒకటే యాక్సిల్. బయట అల్యూమినియం రేకు, లోపల చెక్క చట్రం, దానికి ప్లైవుడ్ కొట్టారు. పైకప్పు ముందూ వెనకా గుండ్రంగా వంగి ఉంటుంది.

మా నాన్నగారు 1980ల్లో ఇలాంటి క్యాంపులో నాలుగేళ్లు వంట చేశారండి. రాత్రిళ్లు ఇలాంటి బండిలోనే పడుకునేవారు. ఇది అదే బండి అని నేను అనుకోవడం లేదు, కానీ చూపించడానికి తీసుకెళ్తే ఎవరూ చెప్పకుండానే తలుపు గడియని కొంచెం పైకెత్తి తిప్పారు, వెంటనే వచ్చేసింది. అంతకుముందు నేనూ యార్డు కుర్రాడూ పావుగంట గుంజాం. అప్పుడే కొనేశాను. బాగుచేసి తోటలో పెడితే ఆయన మధ్యాహ్నం పూట అందులో పడుకుంటారని నా కోరిక, వీలైతే అంతర్వేది తీర్థానికి కూడా లాక్కెళ్లాలని ఉంది.

సమస్య ఏంటంటే డిసెంబరులో రెండు రోజులు వాన పడితే ముందు వైపు ఎడమ మూల నుంచి నీళ్లు ధారగా కారాయి. బయట అంచు చుట్టూ మూడు గొట్టాల సిలికాన్ పెట్టాను, అయినా ఆగలేదు. లోపలి ప్లై అక్కడ ఉబ్బి నల్లబడింది. నా చేతిలో 60 వేలు ఉన్నాయి. ముందు లోపల పాత ప్లై మీద కొత్త ప్లై కొట్టి, రంగు వేసి, రెండు మంచాలు, పరుపులు చేయించి, తర్వాత నెమ్మదిగా కప్పు, చక్రాలు చూద్దామనుకుంటున్నాను. ఈ వరస సరైనదేనా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

తాళ్లరేవు చెక్కపని:

తమ్ముడూ, ఆ వరస పూర్తిగా తిరగెయ్యండి. మాది పడవలు కట్టే ఇల్లు. పడవ అయితే ముందు అడుగు చూస్తాం, మీ బండికి ముందు నెత్తి చూడాలి, అంతే తేడా. నీళ్లు ఆగకుండా లోపల ఎంత పెట్టినా ఆ డబ్బు వచ్చే వానాకాలానికి కుళ్లిపోతుంది.

మొదట ఆ సిలికాన్ అంతా గీకి తీసెయ్యండి. విసుగు పని, కానీ తప్పదు, ఎందుకంటే సిలికాన్ జిడ్డు ఉన్నచోట రంగూ పట్టదు, తర్వాత వేసే ఏ మందూ పట్టదు. పైకప్పు రేకూ పక్క రేకూ కలిసే చోట ఒక పట్టీ ఉంటుంది, దాన్ని మరలతో సహా విప్పండి. ఇనుప మరలు ఉంటే చాలావరకు తుప్పుపట్టి తల ఊడివస్తాయి, నీళ్లు దిగేది ఆ కన్నాల్లోంచే. పట్టీ కింద పాత మైనం లాంటి పదార్థం ఎండి పెళుసుగా రాలిపోతుంది, అదంతా తుడిచి కొత్త బ్యుటైల్ టేపు (ఎండిపోకుండా జిగటగా ఉండి నీళ్లు ఆపే రబ్బరు టేపు) పరిచి, స్టెయిన్‌లెస్ స్టీల్ మరలతో మళ్లీ బిగించండి. మనది ఉప్పుగాలి కాబట్టి స్టెయిన్‌లెస్ మరనైనా బిగించే ముందు సీలెంట్‌లో ముంచండి, లేకపోతే రెండు లోహాలు కలిసిన చోట అల్యూమినియం తెల్లగా పొడిపొడిగా రాలిపోతుంది.

కారే చోటు ఒకటీ నీళ్లు కనపడే చోటు ఇంకొకటీ అవుతుంది, ఇది గుర్తుంచుకోండి. పైపుతో నీళ్లు కొడుతూ చూడాలి, లోపల ఒక మనిషి టార్చి పట్టుకుని ఉండాలి. పై నుంచి కొడితే ఏమీ తెలియదు, అన్ని అతుకులూ ఒకేసారి తడుస్తాయి. కింద అతుకు దగ్గర మొదలుపెట్టి, ఒక్కోచోట ఐదు నిమిషాలు ఆగి, మెల్లగా పైకి వెళ్లండి.

చెక్క సంగతి. సన్న స్క్రూడ్రైవర్‌తో చట్రంలో ప్రతి జానకీ ఒకసారి పొడవండి. గట్టిగా ఆగితే ఉంచండి, మెత్తగా దిగితే మార్చాలి. మొత్తం ఒకేసారి విప్పకండి. రేకుకి ఆకారం ఇచ్చేది ఆ చట్రమే, అన్నీ తీసేస్తే రేకు జారిపోయి మళ్లీ ఆ వంపు రాదు. లోపల అడ్డకర్రలు ఊతం పెట్టి, ఒక బద్ద తీసి, కొత్తది పెట్టి, అప్పుడు రెండోది. తీసిన పాతది ఎంత కుళ్లినా పారెయ్యకండి, కొత్తదానికి కొలత అదే.

వంపు బద్దలు ఒకే కర్రలోంచి కోస్తే చెక్క నార అడ్డంగా వచ్చిన చోట విరుగుతుంది. 4 మిల్లీమీటర్ల ప్లై పట్టీలు కోసి, మూడు నాలుగు పొరలకి ఎపాక్సీ (రెండు మందులు కలిపి వాడే గట్టి జిగురు) రాసి, చెక్క దిమ్మలతో చేసిన అచ్చు చుట్టూ క్లాంపులు బిగించి ఒక రాత్రి ఉంచండి. అచ్చులోంచి తీశాక వంపు కొంచెం విప్పుకుంటుంది, అందుకని అచ్చుని పాత బద్దకంటే ఒక పిసరు ఎక్కువ వంచి చెయ్యండి. ప్లై కొనేటప్పుడు ఐఎస్ 710 అని ముద్ర ఉన్న, తడికి తట్టుకునే మెరైన్ ప్లైయే తీసుకోండి. చెదమందు పేరుతో ఆకుపచ్చగా ఉండే రాగి మందులు అమ్ముతారు, అవి రేకుకి తగిలే చెక్కకి రాయకండి, రాగి అల్యూమినియాన్ని తింటుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ నీళ్లు పట్టించి, బాగా ఎండబెట్టి, తర్వాత రంగు.

టైము చూసుకోండి. సంక్రాంతి వెళ్లింది, ఇప్పటి నుంచి రోహిణి కార్తె వరకే మనకి చెక్క ఎండేది.

పాలకొల్లు టిఫిన్ బండి:

పైన గురువు గారు చెప్పింది అక్షరాలా నిజం. మీరు చేద్దామనుకున్న వరసలో నేను చేశానండి. నాలుగేళ్ల కిందట ఒక పాత ట్రైలర్ కొని టిఫిన్ బండిగా మార్చుకున్నాను. షాపు తెరవాలన్న తొందరలో ఉబ్బిన ప్లై మీదే కొత్త లామినేట్ షీటు అంటించాను. చూడ్డానికి ఎంతో బాగుండేది. ఆ శ్రావణం వెళ్లేలోపు లోపల బూజు వాసన మొదలైంది, పిండి గిన్నెలు మూత తీస్తే ఆ వాసనే. కార్తీకంలో షీటు లాగితే వెనకంతా నల్లగా, చేత్తో నలిపితే పొడి అవుతోంది. 40 వేలు మళ్లీ పెట్టాను, రెండు నెలలు వ్యాపారం పోయింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, తడి చెక్కని ఏ కారణంతోనూ మూసెయ్యకండి. విప్పాక కనీసం మూడు నాలుగు వారాలు గాలికి వదిలెయ్యండి. పైన పట్టా కప్పితే పక్కలు తెరిచి ఉంచండి, చుట్టూ కప్పేస్తే లోపల చెమట పట్టి ఇంకా పాడవుతుంది.

ఇంకో రెండు మాటలు. పాత రంగుని పొడిగా గరుకు కాగితంతో రుద్దకండి, నీళ్లతో తడుపుతూ రుద్దండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. మీ బండి అంతకు ఎన్నో ఏళ్ల ముందుది, కాబట్టి సీసం ఉందనుకునే పని చెయ్యండి. మా అమ్మాయికి అప్పుడు రెండేళ్లు, ఈ సంగతి తెలియక దాన్ని పక్కనే ఆడుకోనిచ్చాను, ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

నాన్నగారు అందులో పడుకుంటారన్నారు కాబట్టి స్టవ్ లోపల పెట్టొద్దు అండి. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలమీదే పేరుకుంటుంది, పైన కిటికీ తెరిచినా పోదు. తప్పనిసరిగా పెట్టాలంటే గచ్చు మట్టంలో బయటికి పోయే కన్నం ఉండాలి, సిలిండర్ బయటే ఉండాలి. తలుపులు మూసి స్టవ్ వెలిగించుకుని పడుకోవడం అసలే కూడదు.

రావులపాలెం షెడ్డు:

చక్రాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. నేను ట్రాక్టర్ ట్రక్కులు చేస్తాను, మీ బండి లెక్క కూడా అదే.

టైరు పక్కన అచ్చు వేసిన కోడ్ చివర్లో నాలుగు అంకెలు ఉంటాయి చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2304 అని ఉంటే 2004లో 23వ వారం అని. అసలు నాలుగు అంకెలు కాకుండా మూడే ఉంటే 2000 కంటే ముందు టైరు. గాలి నిలిచినా సరే, అలాంటివి రోడ్డెక్కించకండి. చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పండి, గరగర వస్తే బేరింగు పోయింది. రాకపోయినా హబ్ విప్పి పాత గ్రీజు అంతా కిరసనాయిలుతో కడగండి. బేరింగు అంచుమీద నంబరు చెక్కి ఉంటుంది, అది చూపిస్తే షాపులో ఇస్తారు. కొత్త సీలు వెయ్యండి. నట్టు బిగించి మళ్లీ కొంచెం వదులు చేసి కొత్త పిన్ను వెయ్యండి, బిర్రుగా వదిలేస్తే పది కిలోమీటర్లలో కాలిపోతుంది. కమాన్ కట్టల్లో (యాక్సిల్ మీద బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బద్ద విరిగిందేమో, చాసిస్ వెల్డింగుల దగ్గర పగుళ్లు ఉన్నాయేమో వైరు బ్రష్ కొట్టి మరీ చూడండి.

మంచాలు ఎక్కడ పెట్టాలన్నది ఇష్టప్రకారం కాదు. బండి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. వెనక బరువెక్కితే స్పీడులో తోక ఊపుతుంది, ఇక ఆగదు. కొబ్బరి వ్యాపారుల దగ్గర కాటా ఉంటుంది కదా, కొక్కెం దానిమీద ఆనించి తూచండి.

అంతర్వేది సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే, రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డు మీదకి తేకూడదు. స్క్రాపులో కొన్నదానికి కాగితాలు ఏమొచ్చాయో ఆర్టీవో ఆఫీసులో చూపించి, ఆ తర్వాతే ప్రయాణం మీద డబ్బు పెట్టండి.

లంకపల్లె:

ఒక్క ప్రశ్న. మీ తోట ఏటిగట్టుకి లోపలా, బయటా? మాది లంక. ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13 లక్షల క్యూసెక్కులు, ఎగరేశారంటే మేం సామాను సర్దుకుంటాం. రోడ్డెక్కించకపోయినా చక్రాలూ కొక్కెం మాత్రం తిరిగేలా ఉంచండి, అవసరమైతే ట్రాక్టర్ కట్టి గట్టెక్కించవచ్చు. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లం, రేకు డబ్బాని నాలుగు మూలలా భూమిలోకి లంగరు వేసి కట్టకపోతే గాలికి ఉండదు. కొబ్బరిచెట్టు కింద నిలపకండి, ఒక్క కాయ చాలు ఆ కప్పుకి. చెక్క దిమ్మల మీద కాకుండా సిమెంటు దిమ్మల మీద ఎత్తండి, చెద చెక్క పట్టుకునే ఎక్కుతుంది, నెలకోసారి కింద మట్టి గీతలు ఉన్నాయేమో చూసుకోవాలి.

వైనతేయ గట్టు:

అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నానండి. పది రోజులు పనిలో ఉండి రాయలేదు. లంకపల్లె గారూ, మాది గట్టుకి లోపల, నీళ్లు రావు, కానీ తుపాను సంగతి మనసులో పెట్టుకున్నాను.

పరుపుల ఆర్డరు ఆపేశాను. సిలికాన్ గీకడానికే మూడు రోజులు పట్టింది. పట్టీ విప్పితే 46 మరల్లో 19 చేతిలోకే విరిగి వచ్చాయి. స్క్రూడ్రైవర్ పరీక్ష చేస్తే మొత్తం ఏడు వంపు బద్దల్లో ముందు రెండూ, ఎడమ మూల నిలువు కర్రా పోయాయి, మిగతావి ఇనుములా ఉన్నాయి. వెనక వైపు అసలు చుక్క నీరు దిగినట్టు లేదు. ఇది నాకు అర్థం కాలేదు, అదే రేకు, అవే మరలు, ఒక వైపే ఎందుకు కుళ్లింది అని.

నాన్నగారు కుర్చీ వేసుకుని చూస్తూ చెప్పారు. క్యాంపులో బండి నిలబెట్టగానే మొదటి పని ముందు కొక్కేన్ని ఇటుకల మీద ఎత్తడమేనట, కప్పు మీద పడిన నీరు వెనక్కి జారి కింద పడిపోవాలి, మూలల్లో నిలవకూడదు. యార్డులో ఏళ్ల తరబడి కొక్కెం నేలమీద ఆనించి పడేశారు, ముక్కు కిందకి ఉంది, అందుకని నీరంతా ముందుకే చేరి అక్కడే నిలిచింది. ఆ మాటతో నేను మా తోటలో చూసుకుంటే నేనూ అలాగే నేలమీదే పెట్టి ఉంచాను. ఆ సాయంత్రమే సిమెంటు దిమ్మలు తెచ్చి ముందు వైపు రెండంగుళాలు ఎత్తాను, బకెట్టు నీళ్లు పోస్తే వెనక్కి జారిపోయాయి.

మొదటి వంపు బద్ద అచ్చులో ఉంది, రేపు తీస్తాను. తాళ్లరేవు గారూ, నాలుగు పొరలు వేశాను, అచ్చుని పాతదానికంటే అర అంగుళం ఎక్కువ వంచాను. అది సరిపోతుందా, ఇంకా వంచాలా? రెండోది పెట్టేలోపు చెబితే అచ్చు సరిచేసుకుంటాను.

తాళ్లరేవు చెక్కపని:

నాలుగు పొరలకి అర అంగుళం అంటే ఎక్కువే అవ్వచ్చు, పొరలు పెరిగేకొద్దీ విప్పుకోవడం తగ్గుతుంది. రేపు తీశాక పాత బద్ద పక్కన నేలమీద పెట్టి, రెండు చివరలా ఎంత తేడా వచ్చిందో కొలిచి ఇక్కడ రాయండి. అది చూసి రెండోదాని అచ్చు చెబుతాను. అప్పటిదాకా రెండో బద్ద విప్పకండి.