ఫీడ్‌లోంచి మనవాళ్ళు ఎప్పుడు మాయమయ్యారు?

అర్ధరాత్రి_స్క్రోల్

నిన్న రాత్రి పడుకునే ముందు ఒక పిచ్చి పని చేశాను. ఫోన్ తీసి, ఫీడ్ జరుపుకుంటూ మొదటి ముప్ఫై పోస్టులు లెక్కపెట్టాను. నాకు నిజంగా తెలిసినవాళ్ళవి నాలుగంటే నాలుగు. మిగతావన్నీ ప్రకటనలు, ముక్కూ మొహం తెలియనివాళ్ళ వీడియోలు, "మీకు నచ్చవచ్చు" బాపతు. ఆ నాలుగింట్లో కూడా ఒకటి ఐదు రోజుల కిందటి పుట్టినరోజు ఫొటో, ఇప్పుడు శుభాకాంక్షలు చెబుదామంటే సిగ్గేసి ఊరుకున్నాను.

నాకు గుర్తున్నంతవరకు మొదట్లో ఇలా లేదు. స్నేహితులు పెట్టినవి పెట్టిన వరసలోనే వచ్చేవి, నిన్న చూసిన పోస్ట్ దాకా వచ్చామంటే అయిపోయినట్టే, ఇక లేచి మన పని చూసుకునేవాళ్ళం. ఇది ఎప్పుడు మారింది? ఒక్కసారిగా మార్చారా, మనకు తెలియకుండా మెల్లిగా జరిగిందా? "అంతా డబ్బు కోసమే" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి దయచేసి, అది నాకూ తెలుసు. ఎలా జరిగిందో తెలిసినవాళ్ళు చెప్పండి.

గోడరాతలు

మీరు "మొదట్లో" అంటున్నది కూడా మొదలు కాదండీ. అంతకుముందు అసలు ఫీడ్ అనేదే లేదు.

ఆర్కుట్ అనే సోషల్ సైట్ (ఇప్పుడు లేదు) వచ్చింది 2004 జనవరిలో, ఫేస్‌బుక్ ఆ ఫిబ్రవరిలో. ఎవరి సంగతైనా తెలియాలంటే వాళ్ళ పేజీకి మనమే వెళ్ళి చూసి రావాలి. ఆర్కుట్‌లో స్క్రాప్ (చిన్న సందేశం) రాస్తే అది అవతలివాళ్ళ స్క్రాప్‌బుక్‌లో పడేది, వాళ్ళ జవాబు వచ్చి మన స్క్రాప్‌బుక్‌లో పడేది. అంటే మాటల్లో సగం అక్కడ, సగం ఇక్కడ. ఇద్దరు ఏం మాట్లాడుకుంటున్నారో మూడోవాడికి అర్థం కావాలంటే రెండు పేజీలూ పక్కపక్కన తెరిచి, ఈ ప్రశ్నకు ఆ జవాబు అని జత కలుపుకుంటూ చదవాలి (చదివేవాళ్ళం, అదో వ్యసనం). పైగా మీ పేజీకి ఈమధ్య ఎవరెవరు వచ్చి వెళ్ళారో పేర్లతో సహా చూపించేది కాబట్టి చాటుగా తొంగిచూసినా దొరికిపోయేవాళ్ళం. అది ఆపేసుకోవచ్చు, కానీ ఆపేసుకుంటే మన పేజీకి ఎవరు వచ్చారో మనకూ తెలిసేది కాదు.

ఇదంతా తిరగబడింది 2006 సెప్టెంబర్ 5న. ఆ రోజు ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ పెట్టింది. లాగిన్ అవగానే ఫలానావాళ్ళు విడిపోయారట, ఫలానావాడు ఫొటో మార్చాడట అని వరసగా కనబడేసరికి జనం భగ్గుమన్నారు. నిజానికి కొత్తగా బయటపెట్టింది ఏమీ లేదు, అన్నీ అంతకుముందూ ఆ పేజీల్లో ఉన్నవే. కానీ వాళ్ళ గోడ మీదున్న కాగితాన్ని చించి తెచ్చి ఇంటింటి గుమ్మంలో వేస్తే ఎవరికైనా మండదా? కొద్ది రోజుల్లోనే లక్షల మంది ఒక నిరసన గ్రూపులో చేరారు. జుకర్‌బర్గ్ ముందు "శాంతించండి, ఊపిరి తీసుకోండి, మీ మాట వింటున్నాం" అని ఒక పోస్ట్ రాశాడు, అది చాలక మూడు రోజులకు క్షమాపణ చెప్పి ప్రైవసీ సెట్టింగ్స్ ఇచ్చాడు. ఫీడ్‌ను మాత్రం తీయలేదు. ఎందుకు తీస్తాడు? ఆ నిరసన గ్రూపు అంత వేగంగా పెరిగిందే ఫీడ్ వల్ల! ఒకడు అందులో చేరగానే "మీ ఫ్రెండ్ ఈ గ్రూపులో చేరాడు" అని వాడి స్నేహితులందరికీ కనబడేది.

మీరు చెప్పిన "అయిపోయింది" అన్న భావన పోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అదే 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్, అడుగుకు వెళ్ళి "తర్వాతి పేజీ" నొక్కే పని లేకుండా కిందికి జరిపేకొద్దీ కొత్తవి వచ్చి చేరేలా ఒక పద్ధతి తయారుచేశాడు. తర్వాత ఆయనే దాని గురించి బహిరంగంగా బాధపడ్డాడు.

సర్వర్_రూమ్

పైన చెప్పింది మొదటి మలుపు. మీరు అడుగుతున్న వరస చెడిపోవడం దాని తర్వాత కథ.

ఫేస్‌బుక్ 2009 ఫిబ్రవరిలో లైక్ బటన్ పెట్టింది. మనకది మర్యాదకు నొక్కే బొటనవేలు, వాళ్ళకు మాత్రం ఎవరికి ఏది నచ్చుతుందో చెప్పే లెక్క. ఆ అక్టోబర్‌లో ఫీడ్‌ను రెండుగా చీల్చారు. అన్నీ వచ్చింది వచ్చినట్టు చూపించేది ఒకటి, "ముఖ్యమైనవి" ఏరి చూపించేది ఇంకొకటి. లాగిన్ అవగానే కనబడేది రెండోది. ఏరడం ఎలాగో 2010లో డెవలపర్ల సమావేశంలో వాళ్ళే చెప్పారు, దాని పేరు ఎడ్జ్‌ర్యాంక్. అందులో చూసేవి మూడు: ఆ మనిషితో మీకెంత దగ్గరితనం, వచ్చిన స్పందన ఎలాంటిది (లైక్ కన్నా కామెంట్‌కు బరువెక్కువ), పోస్ట్ ఎంత పాతబడింది.

వాళ్ళ వైపు వాదన పూర్తిగా బోగస్ కూడా కాదు. 2013లో చెప్పిన లెక్క ప్రకారం ఒక మనిషి ఫీడ్ తెరిచిన ప్రతిసారీ చూపించడానికి సగటున 1,500 పోస్టులు క్యూలో ఉండేవి. అన్నీ ఎవడు చూస్తాడు? అప్పుడే ఇంకో మార్పు చేశారు, మీరు కిందిదాకా జరపక చూడకుండా వదిలేసిన పాత పోస్ట్‌కు లైకులు, కామెంట్లు ఇంకా పడుతుంటే దాన్ని లాక్కొచ్చి మళ్ళీ పైన పెట్టడం. మీ ఐదు రోజుల పుట్టినరోజు ఫొటో ఆ జాతిదే అయ్యుంటుంది.

మిగతావాళ్ళు కొంచెం ఆలస్యంగా అదే దారి పట్టారు. 2016 ఫిబ్రవరిలో ట్విట్టర్, మార్చిలో ఇన్‌స్టాగ్రామ్ ప్రకటించాయి. జనం తమ ఫీడ్‌లో సగటున 70 శాతం చూడకుండానే పోతోందని ఇన్‌స్టాగ్రామ్ కారణం చెప్పింది. అప్పుడు ఒక వారం పాటు అందరూ "నా పోస్టులకు నోటిఫికేషన్ ఆన్ చేసుకోండి" అని బతిమాలుతూ పోస్టులు పెట్టారు, గుర్తుందా?

అయితే ఇప్పటిదాకా తారుమారైంది వరస మాత్రమే, మనుషులు మనవాళ్ళే. తెలియనివాళ్ళు వచ్చి కూర్చున్నది టిక్‌టాక్ దెబ్బకు. దానికి మీ స్నేహితుల జాబితాతో పనిలేదు, ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగారో తెలిస్తే చాలు. అది జనానికి పట్టేసరికి మిగతా కంపెనీలకు టెన్షన్ మొదలైంది, వాళ్ళూ ఫీడ్‌లోకి తెలియనివాళ్ళను దించారు. 2022 జులైలో ఇన్‌స్టాగ్రామ్ ఆ మోతాదు మరీ పెంచేసరికి గొడవై, కొన్నాళ్ళపాటు తగ్గిస్తామని చెప్పాల్సి వచ్చింది.

మోడెం_మోత

అందరూ 2004 నుంచి మొదలుపెడుతున్నారు గానీ, "మనవాళ్ళు" అన్న లెక్కే ఆన్‌లైన్‌లో కొత్తది అన్నయ్యా. 1979లో డ్యూక్ యూనివర్సిటీలో ఇద్దరు విద్యార్థులు, టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్, యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చావేదిక ఆలోచన చేశారు, మరుసటేడు మొదలైంది. అక్కడ స్నేహితుల జాబితా లేదు. విషయాన్ని బట్టి గ్రూపులు, అందులో ఉన్నవాళ్ళంతా అపరిచితులే. మరి అది బాగానే నడిచింది కదా? ఎవడైనా విసిగిస్తే వాడి పేరు కిల్ ఫైల్‌లో రాసుకుంటే వాడి రాతలు ఇక మీకు కనబడవు. వడపోత అప్పుడూ ఉంది, కాకపోతే జల్లెడ మన చేతిలో ఉండేది.

ప్రతి సెప్టెంబర్‌లో యూనివర్సిటీల్లో కొత్తగా చేరినవాళ్ళు గుంపుగా దిగి గోల చేసేవాళ్ళు, నెల తిరిగేసరికి పద్ధతి నేర్చుకునేవాళ్ళు. 1993, 94ల్లో ఏఓఎల్ లాంటి, ఇళ్ళకు ఆన్‌లైన్ కనెక్షన్ అమ్మే వ్యాపార సంస్థల ద్వారా మామూలు జనం రావడం మొదలయ్యాక ఆ గోల ఇక ఆగలేదు, పాతకాపులు దానికి "ముగియని సెప్టెంబర్" అని పేరు పెట్టుకున్నారు. 1994 ఏప్రిల్‌లో అయితే ఇద్దరు లాయర్లు గ్రీన్ కార్డ్ లాటరీ ప్రకటనను వేల గ్రూపుల్లో గుమ్మరించారు. తిట్లు తిన్నారు గానీ సిగ్గుపడలేదు. కాబట్టి పాత రోజులన్నీ బంగారం అనుకోకండి.

స్నేహితుల జాబితాతో సైట్ నడపాలని 1997లో సిక్స్‌డిగ్రీస్ వచ్చింది, కానీ చేరాక మనకు తెలిసినవాళ్ళు ఎవరైనా నెట్‌లో ఉంటే కదా.

సగం_చదివా

ఇంత చరిత్ర ఎందుకు బ్రో, చాలా యాప్‌లలో "ఫాలోయింగ్" అని ఒక ట్యాబ్ దాచి ఉంచుతారు, అది నొక్కితే పాత వరసే వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ కూడా 2022లో తిరిగి ఇచ్చింది. యాప్ మూసి తెరిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది, అది వేరే విషయం.

అర్ధరాత్రి_స్క్రోల్

అందరికీ థాంక్స్, ముఖ్యంగా రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చదవడం గుర్తుచేసిన గోడరాతలు గారికి, నేనూ ఆ పాపం చేశాను.

సగం_చదివా చెప్పినట్టే ఆ ట్యాబ్ పట్టుకుని మళ్ళీ ముప్ఫై లెక్కపెట్టాను. తెలియనివాళ్ళు పోయారు నిజమే. కానీ ముప్ఫైలో పంతొమ్మిది ఒకే వార్తల పేజీవి, ఎప్పుడో ఫాలో అయి మర్చిపోయింది, గంటకు మూడు చొప్పున పెడుతోంది. మనవాళ్ళవి ఈసారి ఆరు. సర్వర్_రూమ్, ఈ వరసలో ఎవడు ఎక్కువ వాగితే వాడిదే రాజ్యమా?

సర్వర్_రూమ్

అవును, పెట్టిన వరసలోనే చూపిస్తే ఎక్కువ పోస్టులు పెట్టేవాడికే ఎక్కువ చోటు దొరుకుతుంది. ఆ పేజీని అన్‌ఫాలో చేసి మళ్ళీ లెక్కపెట్టండి. అప్పటికీ మీవాళ్ళు పదికి మించకపోతే తప్పు యాప్‌దే కాకపోవచ్చు, వాళ్ళు పోస్టులు పెట్టడం మానేసి గ్రూప్ చాట్‌లకు వెళ్ళిపోయి ఉంటారు. మీరు ఆఖరిసారి పోస్ట్ పెట్టింది ఎప్పుడు?

అర్ధరాత్రి_స్క్రోల్

రెండేళ్ళయింది.