ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద పీఎస్4 ఆడొచ్చా? హెచ్‌డీఎమ్‌ఐ పెట్టినా ఏమీ రావట్లేదు

కంట్రోలర్_కుర్రాడు:
ఇంట్లో ఉన్నది ఒక్కటే టీవీ, సాయంత్రమైతే దాని రిమోట్ నా చేతికి రాదు. అందుకే నా గేమ్ కన్సోల్ పీఎస్4ని నా గదిలోకి తెచ్చి హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపాను. కేబుల్ చక్కగా పట్టింది, స్క్రీన్ మీద మాత్రం నా విండోస్ డెస్క్‌టాపే, గేమ్ జాడ లేదు. విండోస్ ప్లస్ పీ నొక్కి అందులో వచ్చే నాలుగు ఆప్షన్లూ మార్చి చూశా, డ్రైవర్లు అప్‌డేట్ చేశా, కేబుల్ కూడా మార్చా. పోర్ట్ పోయిందా, లేక నేనే ఏదైనా సెట్టింగ్ మర్చిపోయానా? కొత్త మానిటర్ కొనే ఉద్దేశం ఇప్పట్లో లేదు.

లాగ్_బాధితుడు:
పోర్ట్ బాగానే ఉంది బ్రో, ఆ డ్రైవర్లను వదిలెయ్. ల్యాప్‌టాప్‌లో ఉండే హెచ్‌డీఎమ్‌ఐ బొమ్మని బయటికి పంపడానికే, లోపలికి తీసుకోదు. నీ కేబుల్‌కి రెండు వైపులా పంపేవాళ్లే ఉన్నారు, తీసుకునేవాడు లేడు. స్క్రీన్ ప్యానెల్ నేరుగా లోపలి గ్రాఫిక్స్‌కి కలిసి ఉంటుంది, మధ్యలో బయటి సిగ్నల్ దూరే దారి లేదు కాబట్టి సెట్టింగ్‌తో అయ్యే పని కాదిది. పాత ఏలియన్‌వేర్ మోడళ్లు కొన్నిటికి హెచ్‌డీఎమ్‌ఐ ఇన్ అని విడిగా ఇచ్చారు, అలాంటివి చాలా అరుదు.

దారి ఒకటుంది, క్యాప్చర్ కార్డ్. ఒక వైపు కన్సోల్ కేబుల్, ఇంకో వైపు యూఎస్‌బీ. ల్యాప్‌టాప్ దాన్ని వెబ్‌క్యామ్ అనుకుంటుంది, ఓబీఎస్ అనే ఉచిత వీడియో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో క్యాప్చర్ డివైస్‌గా యాడ్ చేస్తే బొమ్మ వచ్చేస్తుంది. ఇక్కడే నేను దెబ్బతిన్నా. డబ్బా మీద 4కె అని పెద్ద అక్షరాలతో ఉంటే మురిసిపోయి కొన్నా, తీరా చూస్తే అది లోపలికి తీసుకునే సిగ్నల్ సంగతి, ల్యాప్‌టాప్‌కి ఇచ్చేది 1080పిలో (ఫుల్ హెచ్‌డీ) సెకనుకి 30 ఫ్రేములే. పైగా యూఎస్‌బీ 2.0. కంప్రెస్ చేయని 1080పి 60 ఫ్రేముల వీడియోకి సెకనుకి దాదాపు 3 గిగాబిట్లు కావాలి, యూఎస్‌బీ 2.0 హద్దు 480 మెగాబిట్లు, అందుకని బొమ్మని బాగా నలిపి పంపుతుంది. ఫుట్‌బాల్ గేమ్‌లో నేను పాస్ బటన్ నొక్కాక అవతలివాడు వచ్చి బంతి తన్నుకుపోయేవాడు, ఆ తర్వాత నావాడి కాలు కదిలేది. యూఎస్‌బీ 3.0 ఉన్నదే తీసుకో, ఓబీఎస్‌లో ఆ డివైస్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి బఫరింగ్ (బొమ్మని కాసేపు ఆపి ఉంచి చూపించడం) డిసేబుల్ చెయ్.

పాత_ప్యానెల్:
ఏదైనా కొనే ముందు రిమోట్ ప్లే చూడండి, పీఎస్4 గేమ్‌ని ఇంటి నెట్‌వర్క్ మీదుగా ల్యాప్‌టాప్‌లో చూపిస్తుంది, అది ఉచితం. సోనీ వాళ్ల యాప్ ల్యాప్‌టాప్‌లో వేసుకుని, పీఎస్4 సెట్టింగ్స్‌లో రిమోట్ ప్లే ఆన్ చేసి, కంట్రోలర్‌ని యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌కి కలిపితే చాలు. మామూలు పీఎస్4 అయితే 720పి వరకే ఇస్తుంది, ప్రో అయితే 1080పి. వైఫైతో చూసి బాగాలేదని వదిలెయ్యకండి, కన్సోల్‌నీ ల్యాప్‌టాప్‌నీ రెండింటినీ లాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. కార్లూ కథల గేమ్‌లకి హాయిగా సరిపోతుంది, ఫైటింగ్ గేమ్‌లకి మాత్రం నేనైతే వాడను.

ఎక్కడైనా పాడైన ల్యాప్‌టాప్ పడి ఉంటే ఇంకో పని చేయొచ్చు. స్క్రీన్ విప్పి ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఉన్న మోడల్ నంబర్‌కి సరిపడే కంట్రోలర్ బోర్డ్ (గేమ్ కంట్రోలర్ కాదు, ప్యానెల్‌ని నడిపే సర్క్యూట్) తెప్పించుకోండి. ప్యానెల్ కనెక్టర్‌ని ఆ బోర్డ్‌కి పెడితే అది హెచ్‌డీఎమ్‌ఐ ఉన్న మానిటర్ అయిపోతుంది, ఆలస్యం గొడవే ఉండదు. నేను అలా చేసిందే ఇప్పటికీ వాడుతున్నా, అట్ట ముక్కకి అతికించాను కాబట్టి చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది. నంబర్ చూడకుండా పిన్నులు సరిపోయాయి కదా అని ఏదో ఒకటి పెట్టకండి, వోల్టేజ్ తేడా వస్తే ప్యానెల్ పోతుంది.

కంట్రోలర్_కుర్రాడు:
థాంక్స్ అన్నా. ఇంట్లో వైఫై అంతంతమాత్రం, రౌటర్ హాల్లో ఉంది, అక్కడిదాకా వైరు లాగితే తిడతారు. ఫ్రెండ్ దగ్గర యూఎస్‌బీ 3.0 క్యాప్చర్ కార్డ్ ఉంటే తెచ్చా. ఓబీఎస్‌లో డివైస్ కనబడుతోంది, కానీ మొత్తం నల్లగా వస్తోంది. కార్డ్ పోయిందంటావా?

లాగ్_బాధితుడు:
పోలేదు, అది హెచ్‌డీసీపీ, కాపీ చేయకుండా పెట్టే తాళం. పీఎస్4లో అది ఆన్‌లోనే వస్తుంది. సెట్టింగ్స్, సిస్టమ్, అందులో ఎనేబుల్ హెచ్‌డీసీపీ టిక్ తీసెయ్. ల్యాప్‌టాప్‌లో నీకు నల్లగానే ఉంది కాబట్టి ఒక్కసారి టీవీకి పెట్టి తీయాల్సిందే. అది తీసేశాక సినిమా యాప్‌లు ఆడవు, గేమ్‌లకి ఏం కాదు.

కంట్రోలర్_కుర్రాడు:
వచ్చింది!! యాడ్‌ల మధ్యలో రెండు నిమిషాలు టీవీ అడుక్కుని టిక్ తీసేశా. బొమ్మ బ్రహ్మాండం, ఆలస్యం కొంచెం ఉంది కానీ ఆడగలుగుతున్నా. సౌండే రావట్లేదు.

పాత_ప్యానెల్:
ఓబీఎస్‌లో ఆడియో మిక్సర్ దగ్గర అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్ తెరవండి, ఆ డివైస్ ఎదురుగా మానిటర్ ఓన్లీ (ఇక్కడ మానిటర్ అంటే స్క్రీన్ కాదు, శబ్దం మీకు వినిపించడం) పెట్టండి. లేదంటే కంట్రోలర్‌కే హెడ్‌ఫోన్స్ గుచ్చేసి, పీఎస్4లో హెడ్‌ఫోన్స్‌కి ఆల్ ఆడియో అని మార్చండి. నా మాట వింటే రెండోదే చేయండి, శబ్దం కార్డ్ దాకా వెళ్లి వచ్చే పని ఉండదు, రాత్రి ఇంట్లోవాళ్లకీ వినబడదు.