ఊరి అక్షరాస్యత శాతం ఎంతకీ కుదరడం లేదు, సాయం చేయండి

పల్లెబాట:
సాయంత్రం అయిదు నుంచి ఇదే పని మీద కూర్చున్నాను. మా ఊరి జనాభా వివరాలు బడి గోడ మీద రాయిస్తున్నాం, రంగులు వేసేవారు రేపు ఉదయమే వస్తారు. అక్షరాస్యులను జనాభాతో భాగిస్తే 54 శాతం వస్తోంది, జనగణన జాబితాలో 61 అని ఉంది. నాలుగుసార్లు చేశాను. పైగా మా ఊళ్లో ఎస్టీ కుటుంబాలే లేవు, పట్టికలో వందల్లో చూపించారు. ఈ తప్పుల తడకను పిల్లల ముందు ఎలా పెట్టాలి?

మాగాణి:
ఏ సంవత్సరం? ఏ జిల్లా? ఆరేళ్ల వరకు ఉన్న పిల్లలను తీసేసి భాగించండి.

విశ్రాంత గణకుడు:
నిజమే, ఏడేళ్లు, ఆపై వయసువారిలోనే ఆ శాతం కడతారు. నా బాధ వేరు. 2011లో నేనూ ఇల్లిల్లూ తిరిగాను. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పని చేస్తే ప్రధాన శ్రామికులు, తక్కువైతే ఉపాంత శ్రామికులు. నాట్లు వేసి, కలుపు తీసి, పాలు పితికే ఇల్లాలి గురించి అడిగితే భర్త గడపలో నిలబడి ‘ఆమె ఇంట్లోనే ఉంటుంది’ అనేవాడు. గుచ్చి గుచ్చి అడిగితే గానీ నిజం బయటికి వచ్చేది కాదు. పనివారి అంకెలు గోడకెక్కించే ముందు ఊరి ఆడవారిని ఒక్కసారి అడగండి.

లెక్కలపంతులు:
లింగ నిష్పత్తి కూడా రాయండి. వందమంది స్త్రీలకు ఎంతమంది పురుషులు అన్నది.

మాగాణి:
మన జనగణనలో అలా కాదు. వెయ్యిమంది పురుషులకు ఎంతమంది స్త్రీలు. 2011లో దేశానికి 943, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 993.

లెక్కలపంతులు:
ఐక్యరాజ్య సమితి పట్టికలు నేను చెప్పిన పద్ధతిలోనే ఉంటాయి. అసలు ‘స్త్రీ పురుష నిష్పత్తి’ అని రాస్తే ఈ తికమకే ఉండదు.

పల్లెబాట:
2011 పట్టికే, మహబూబ్‌నగర్ జిల్లా. 61 కుదిరింది. మరి ఎస్టీల సంగతి?

మాగాణి:
ఊరి పక్కన తండా ఉందా?

పల్లెబాట:
ఉంది. కానీ అది 2018లోనే వేరే పంచాయతీ అయింది.

మాగాణి:
ఆ ముక్క మొదటే చెప్పవలసింది. జనగణన లెక్క రెవెన్యూ గ్రామానికి, అంటే భూమి రికార్డుల్లో ఉన్న ఊరి హద్దుకు; పంచాయతీకి కాదు. మీ రెవెన్యూ హద్దులో ఉన్న లంబాడీలందరూ మీ పట్టికలోనే ఉన్నారు.

పల్లెబాట:
తండాను తీసేసి ఊరి లెక్క ఒక్కటే ఎక్కడ దొరుకుతుంది?

మాగాణి:
అచ్చయిన పట్టికల్లో గ్రామమే చివరి మెట్టు. ఎందుకు తీసేయడం? తండా పిల్లలు ఆ బడికి రారా?

పల్లెబాట:
వస్తారు. సగంమంది వారే. పైన రెండు పేర్లూ రాయిస్తాను. ధన్యవాదాలు.

విశ్రాంత గణకుడు:
పనివారి అంకెల సంగతి ఏం చేశారు?