తెలంగాణలో హైదరాబాద్ ఒకవైపు, జిల్లాలు ఒకవైపు: ఈ చీలికను సరిగ్గా లెక్కగట్టేదెలా?

చెరువుకట్ట (ప్రశ్న)

2023 అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 119లో 64 సీట్లు వచ్చాయి. జీహెచ్‌ఎంసీ పరిధిగా చెప్పే 24 సెగ్మెంట్లలో మాత్రం ఒక్కటీ రాలేదు. అక్కడ బీఆర్‌ఎస్‌కు 16, మజ్లిస్‌కు 7, బీజేపీకి 1. ఇదేదో ఒక్కసారి జరిగిన వింత కూడా కాదు. 2014లో టీఆర్‌ఎస్ (ఇప్పటి బీఆర్‌ఎస్) 63 సీట్లతో ప్రభుత్వం ఏర్పాటు చేసినప్పుడు ఇదే 24లో దానికి దక్కినవి మూడే: సికింద్రాబాద్, మల్కాజిగిరి, పటాన్‌చెరు.

దీన్ని టీవీ చర్చల్లోలా కాకుండా అంకెలతో చూడాలనుకుంటున్నాను. నగరం కింద ఏ సెగ్మెంట్లను లెక్కించాలి? జనాభాకు తగినన్ని సీట్లు నగరానికి లేవన్న మాట ఎంతవరకు నిజం? బూత్ స్థాయికి దిగాలంటే ఏ కాగితాలు తీయాలి, ఎక్కడ తప్పులు దొర్లుతాయి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

గొలుసుకట్టు

ముందు ఆ 24 సంగతి తేల్చుకోండి, పొరపాట్లన్నీ అక్కడే మొదలవుతాయి. అది అధికారిక జాబితా కాదు, వాడుకలో స్థిరపడిన లెక్క. హైదరాబాద్ జిల్లాలోని 15, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, రంగారెడ్డి జిల్లాలో ఎల్బీనగర్, మహేశ్వరం, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి, వీటికి పటాన్‌చెరు కలిపితే 24. ఇందులో మహేశ్వరం సెగ్మెంట్లో కందుకూరు మండలం కూడా ఉంది. పటాన్‌చెరులో జిన్నారం వైపు పల్లెలున్నాయి. అంటే మీ 'నగరం' డబ్బాలో కొన్ని ఊళ్లు కూడా పడిపోయాయి. అవతల మేడ్చల్ సెగ్మెంటును జిల్లాల ఖాతాలో వేశారు, అందులో సగం కాలనీలే.

రెండు డబ్బాలు చాలవు, కనీసం మూడు కావాలి. మొదటిది పాతబస్తీ, అంటే మజ్లిస్ గెలిచే 7. ఇవి 2014, 2018, 2023 మూడుసార్లూ కదల్లేదు. వీటిని మిగతా నగరంతో కలిపి సగటు తీస్తే ఆ సగటుకు అర్థం ఉండదు. రెండోది నడి నగరం: ఖైరతాబాద్, అంబర్‌పేట, ముషీరాబాద్, సనత్‌నగర్ లాంటివి. మూడోది శివారు వలయం: కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, కుత్బుల్లాపూర్, ఉప్పల్, ఎల్బీనగర్, మేడ్చల్. 2014లో ఈ వలయంలో టీడీపీ-బీజేపీ కూటమిదే పైచేయి. 2018 నాటికి ఆ ఓటు చాలామటుకు టీఆర్‌ఎస్‌కు చేరింది. 2023లో టీడీపీ అసలు పోటీలోనే లేదు.

జీహెచ్‌ఎంసీ వార్డు ఫలితాలను అసెంబ్లీతో పోల్చబోతే ఒక చిక్కుంది. కంటోన్మెంట్ బోర్డు ప్రాంతం జీహెచ్‌ఎంసీలో లేదు. అక్కడివాళ్లు అసెంబ్లీకి ఓటేస్తారు, కార్పొరేటర్‌కు వేయరు. 2025 చివర్లో 27 శివారు పురపాలికలను కలిపాక పాత 150 వార్డుల పటం, కొత్త హద్దులు అసలే అతకవు. 2020 వార్డు ఫలితాలకు (టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2) అప్పటి పటమే వాడండి.

పైకం పద్దు

సీట్ల కొరత గురించి. 'హైదరాబాద్‌కు అన్యాయం' అని గుండుగుత్తగా అనేస్తారు గానీ లెక్క వేస్తే వేరేలా తేలుతుంది.

2011 జనాభా ప్రకారం రాష్ట్రం 3.50 కోట్లు. 119తో భాగిస్తే సీటుకు 2.94 లక్షలు. ఇప్పటి జిల్లాల హద్దుల్లో హైదరాబాద్ 39.4 లక్షలు, సీట్లు 15, అంటే సీటుకు 2.63 లక్షలు. రంగారెడ్డి సుమారు 24.4 లక్షలు, సీట్లు 8, సీటుకు 3.05. మేడ్చల్-మల్కాజిగిరి కూడా దాదాపు 24.4 లక్షలే, సీట్లు మాత్రం 5, సీటుకు 4.88 లక్షలు. మూడు జిల్లాలకూ కలిపి 28 సీట్లున్నాయి, జనాభా వాటా ప్రకారం 30 రావాలి. మొత్తం మీద తక్కువైనవి రెండే. కానీ లోపల చూస్తే హైదరాబాద్ జిల్లాకు రావాల్సినదానికంటే ఒకటిన్నర ఎక్కువ, మేడ్చల్-మల్కాజిగిరికి మూడు తక్కువ. కాబట్టి నగరం వర్సెస్ పల్లె కంటే నడి నగరం వర్సెస్ శివారు తేడాయే పెద్దది. ఇది 2011 లెక్క. ఆ తర్వాత పెరిగిందంతా ఎక్కువగా శివార్లలోనే.

2023 ఓటర్ల జాబితా తీస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. శేరిలింగంపల్లిలో 7.3 లక్షల ఓటర్లు, భద్రాచలంలో 1.48 లక్షలు. శేరిలింగంపల్లిలో సగం మందే ఓటేసినా, ఆ పోలైన ఓట్లు భద్రాచలం మొత్తం ఓటర్లకు రెండింతలు మించాయి. అయితే భద్రాచలాన్ని ఎగతాళికి వాడొద్దు. అది ఎస్టీ రిజర్వుడు సీటు, అడవి ప్రాంతం, పైగా 2014లో ఏడు మండలాలు ఏపీకి వెళ్లినప్పుడు దాని పరిధిలో పెద్ద ముక్కే తెగిపోయింది.

కారణం తెలిసిందే. ఇప్పటి హద్దులు 2008 పునర్విభజన ఉత్తర్వువి, ఆధారం 2001 జనగణన. రాజ్యాంగం 170వ అధికరణ ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకా వాటిని ముట్టుకోకూడదు. విభజన చట్టం సెక్షన్ 26లో తెలంగాణకు 153, ఏపీకి 225 అని ఉంది కదా అంటారు. అదే సెక్షన్లో '170వ అధికరణకు లోబడి' అన్న మాట కూడా ఉంది. సీట్లు పెంచాలన్న పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది ఆ మాట మీదే. జమ్మూకశ్మీర్‌కు పునర్విభజన చేశారు కదా అన్న వాదన నిలవలేదు, అది కేంద్రపాలిత ప్రాంతం, దానికి 170 వర్తించదు.

ఈ భాగహారంలో ఒక లొసుగుంది, ముందే చెప్తున్నా: 2016లో జిల్లాలు మారాయి, సెగ్మెంట్లు మారలేదు. కల్వకుర్తి సెగ్మెంటు సగం రంగారెడ్డిలో, సగం నాగర్‌కర్నూల్‌లో ఉంది. జిల్లాల వారీ సగటును దశాంశాల దాకా నమ్మకండి.

బూత్ నంబరు

కాగితాల గురించి నేను చెప్తాను.

కావాల్సింది ఫారం 20. ప్రతి సెగ్మెంటుకూ రిటర్నింగ్ అధికారి తయారుచేసే తుది ఫలితాల పత్రం ఇదే. పోలింగ్ కేంద్రం వారీగా ఒక్కో అభ్యర్థికి ఎన్ని ఓట్లు, నోటాకు ఎన్ని అని ఉంటుంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో దొరుకుతుంది. దీంతోపాటు అదే ఎన్నికకు చెందిన పోలింగ్ కేంద్రాల జాబితా కూడా దించుకోవాలి, ఎందుకంటే ఫారం 20లో బూత్ నంబరే ఉంటుంది, ఊరి పేరు ఉండదు. రెండింటినీ నంబరు మీద కలిపితేనే ఏది పల్లె, ఏది కాలనీ అన్నది తేలుతుంది.

తేడా కొట్టే చోట్లు ఇవీ. ఒకటి, చాలాచోట్ల ఫారం 20 స్కాన్ చేసిన పీడీఎఫ్. అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్ 3ను 8గా, 1ని 7గా చదివేస్తుంది. ప్రతి వరసలో అభ్యర్థుల ఓట్లు కూడి, 'చెల్లిన ఓట్ల మొత్తం' గడితో సరిచూడండి. కలవని వరసల్ని చేత్తో దిద్దాల్సిందే, దగ్గరదారి లేదు. రెండు, పోస్టల్ ఓట్లు బూత్‌లకు పంచరు, చివర్లో ఒకే వరసలో ఉంటాయి. 2023లో 80 ఏళ్లు దాటినవాళ్లు, దివ్యాంగులు 12డి ఫారం ఇచ్చి ఇంటి దగ్గర వేసిన ఓట్లూ ఆ వరసలోకే వస్తాయి. దాన్ని తీసి పక్కన పెట్టండి. మూడు, 2018 బూత్ 112, 2023 బూత్ 112 ఒకటి కావు. ఓటర్లు 1500 దాటితే బూత్‌ను విడగొడతారు, ఆపైన నంబర్లన్నీ జరిగిపోతాయి. 2025లో ఆ పరిమితిని 1200కు తగ్గించారు కాబట్టి వచ్చే ఎన్నికల్లో ఈ జరుగుడు ఇంకా ఎక్కువ. నంబరుతో కాదు, బడి భవనం పేరుతో, ఊరి పేరుతో పోల్చండి.

పోలింగ్ శాతం విషయంలో ఒక మాట. 2023లో రాష్ట్రం మొత్తం 71 శాతం పైన, మునుగోడు 91 దాటింది, యాకుత్‌పుర 40 కూడా చేరలేదు. దీన్ని 'నగరవాసుల బద్ధకం' అని రాసేస్తారు. బద్ధకం లేదనను. కానీ హారంలో చెత్త కూడా ఉంది. ఇల్లు మారినవాళ్లు ఫారం 8 పెట్టరు, చనిపోయినవాళ్ల పేర్లకు ఎవరూ ఫారం 7 పెట్టరు, ఊర్లో ఒక ఓటు, ఇక్కడ ఒక ఓటు ఉన్నవాళ్లున్నారు. పల్లెలో బీఎల్‌ఓకు (బూత్ స్థాయి అధికారికి) ప్రతి ఇల్లూ తెలుసు, అపార్ట్‌మెంట్లలో గేటు దాటనివ్వరు. శాతాల తేడాలో కొంత జాబితా శుభ్రత తేడాయే.

పత్తి మార్కెట్

అంకెలు సరే, అసలు ఎందుకు చీలిందో కూడా చూడాలె గద.

నగరంలో మనిషికి ప్రభుత్వం ఎట్ల కనబడ్డది? ఫ్లైఓవర్లు, కోతల్లేని కరెంటు, 2021 నుంచి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు. ఊర్లె ఎట్ల కనబడ్డది? ధరణి. ఈ భూ రికార్డుల పోర్టల్‌ను 2020 అక్టోబరులో పెట్టిన్రు, దానికి ముందు సెప్టెంబరులోనే వీఆర్‌వో వ్యవస్థ తీసేసిన్రు. పాస్‌బుక్కుల విస్తీర్ణం తప్పు పడితే తహసీల్దారు దిద్దలేకపోయెటోడు. మాడ్యూల్ (దరఖాస్తు రకం) పట్టి మీసేవల దరఖాస్తు పెట్టాల్సొచ్చేది, అది కలెక్టరు దాకా పోవాల్సొచ్చేది. ఒక సర్వే నంబరుల కొంత భాగం వివాదంల ఉంటే నంబరు మొత్తం రిజిస్ట్రేషన్లు ఆపేసే నిషేధిత జాబితాలకు ఎక్కుడు మామూలైపోయింది. పహాణీల అనుభవదారు గడి ఎత్తేసిన్రు, కౌలుదారుకు కాగితమే లేకుండ పోయింది. నగరంల ఫ్లాటు కొన్నోనికి ఈ బాధ తెల్వదు, వ్యవసాయేతర రిజిస్ట్రేషన్లు మళ్ల పాత పద్ధతిలనే సబ్‌రిజిస్ట్రారు దగ్గరికి పోయినై.

రైతుబంధు ఎకరానికి ఏడాదికి 10 వేలు పడ్డది, నిజమే. పరిమితి లేదు, యాభై ఎకరాలున్నోనికీ పడ్డది. పొలం కౌలుకు జేసేటోనికి పైస రాలె. కాంగ్రెస్ 15 వేలు, కౌలురైతుకు కూడా అని చెప్పింది అందుకే. తర్వాత 2025 జనవరి నుంచి ఇచ్చింది 12 వేలు, అది వేరే పంచాది. వడ్ల కేంద్రాల దగ్గర తరుగు పేరు మీద బస్తాకు కిలో, రెండు కిలోలు కోసుడు కూడా ఓటు దాకా పోయిన కోపమే.

గొలుసుకట్టు

పత్తి మార్కెట్ అన్నా, మీరు చెప్పినవన్నీ ఉన్నవే. కానీ ధరణి ఉమ్మడి నల్గొండలోనూ ఉండేది, ఉమ్మడి మెదక్‌లోనూ ఉండేది. నల్గొండలో 12లో 11 కాంగ్రెస్‌కు పోయాయి, మెదక్‌లో 10లో 7 బీఆర్‌ఎస్‌కే ఉన్నాయి. రెండూ పల్లెలే. బీజేపీకి వచ్చిన 8లో 7 ఆదిలాబాద్, నిజామాబాద్ వైపువి, నగరంలో గోషామహల్ ఒక్కటే. కామారెడ్డిలో అయితే కేసీఆర్, రేవంత్ రెడ్డి ఇద్దరూ ఓడి బీజేపీ గెలిచింది. దీన్ని పల్లె-పట్నం గీతతో ఎలా చెప్తారు? ఆ గీత దక్షిణ తెలంగాణలో బాగా పనిచేస్తుంది, ఉత్తరంలో చేయదు.

నగరం బీఆర్‌ఎస్ వైపు ఉందన్నది కూడా తొందరపాటే. మల్కాజిగిరి లోక్‌సభ పరిధిలో ఏడు సెగ్మెంట్లు, 2023 డిసెంబరులో ఏడుకు ఏడూ బీఆర్‌ఎస్‌వి. ఆరు నెలలకే, 2024 లోక్‌సభ ఎన్నికల్లో, అక్కడ బీజేపీ 3.9 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచింది. అంతకుముందు 2018లో ఆ ఏడింటిలో ఆరు టీఆర్‌ఎస్ గెలిస్తే, 2019 లోక్‌సభకు రేవంత్ రెడ్డి గెలిచారు. నాకైతే శివారు ఓటు ఏ పార్టీ ఆస్తీ కాదనిపిస్తుంది. ఒక్క ఎన్నికను తీసుకుని 'నగరం ఇటు, పల్లె అటు' అని పటానికి రంగులేస్తే ఇదే ఇబ్బంది.

చెరువుకట్ట

అందరికీ ధన్యవాదాలు. 24కు బదులు మూడు వలయాలు పెట్టుకుని, బూత్ స్థాయిలో మహేశ్వరం, పటాన్‌చెరు, మేడ్చల్‌లను విడదీస్తాను. ఇంకొక్క సందేహం. పల్లెల వైపు 2025 డిసెంబరు సర్పంచ్ ఎన్నికల ఫలితాలు కలపొచ్చా?

బూత్ నంబరు

వద్దండి. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తు లేకుండా జరుగుతుంది. ఫలానా పార్టీకి ఇన్ని పంచాయతీలు అని వచ్చేవన్నీ ఆయా పార్టీలు 'మద్దతుదారులు' అని చెప్పుకున్న లెక్కలే, ఇద్దరు చెప్పినవి కూడితే ఉన్న పంచాయతీలను మించిపోతాయి. ఏకగ్రీవాలూ ఉంటాయి, అక్కడ ఓట్ల సంఖ్యే ఉండదు. గ్రామీణ ప్రాంతానికి పార్టీ గుర్తుల మీద జరిగేవి ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు. 2019 మేలో జరిగినవి తీసుకోండి. అప్పుడు 32 జిల్లా పరిషత్తులూ టీఆర్‌ఎస్‌కే వచ్చాయి. దానికి నెల ముందు జరిగిన లోక్‌సభ పోలింగ్‌లో అదే పార్టీకి 17లో 9 దక్కాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఉప ఎన్నికలను కూడా వేరే షీటులో ఉంచండి. 2024లో కంటోన్మెంట్, 2025 నవంబరులో జూబ్లీహిల్స్ కాంగ్రెస్ గెలిచింది కాబట్టి నగరంలో సున్నా ఇప్పుడు రెండయింది. అధికార పార్టీ మొత్తం బలగాన్ని ఒక్కచోట దింపే ఎన్నికను 24 సీట్లకు ఒకేరోజు జరిగిన పోలింగ్‌తో కలపకూడదు. అలాగే 2023లో ఒక పార్టీ టికెట్టు మీద గెలిచి తర్వాత ఇంకో పార్టీ తరఫున పోటీ చేసినవాళ్లున్నారు, ఖైరతాబాద్‌లో బీఆర్‌ఎస్ టికెట్టు మీద గెలిచిన దానం నాగేందర్ 2024 లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డట్టు. మీ పట్టికలో పార్టీ గడి నింపేటప్పుడు గెలిచిన రోజు గుర్తే రాయండి, ఇప్పటిది కాదు.