డెన్మార్క్ రాజరికం: వెయ్యేళ్ల తెగని గొలుసా, అతుకుల బొంతా?

కృష్ణాతీరం:
2024 జనవరి 14న రాణి మార్గరెటె తనంతట తాను గద్దె దిగి, కొడుకు పదో ఫ్రెడరిక్‌కి అప్పగించిన దగ్గర్నుంచీ ఒకటే మాట వింటున్నాను. పదో శతాబ్దపు రాజు గోర్మ్ నుంచి నేటిదాకా తెగని వంశమట. నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు. 1448లో ఓల్డెన్‌బర్గ్ నుంచి ఒక జర్మన్ దొరని పిలిచి మొదటి క్రిస్టియన్‌గా కూర్చోబెట్టారు. 1863లో వారసుడు లేకపోతే గ్లూక్స్‌బర్గ్ వంశం వాళ్లని తెచ్చుకున్నారు. ఇప్పటి రాజుగారి తండ్రి ఫ్రెంచివాడు. మన ఇంటిపేరు లెక్కన ఇది మూడుసార్లు మారిన కొంప. పైగా 1332 నుంచి 1340 దాకా అసలు రాజే లేడు. దేశం చాలావరకు ముక్కలుముక్కలుగా పక్కనున్న జర్మన్ ప్రాంతం హోల్‌స్టైన్ ప్రభువుల దగ్గర తాకట్టులో ఉంది. తాకట్టులో ఉన్న పొలం చూపించి "తాతల నాటి నుంచి మేమే దున్నుతున్నాం" అంటే ఎలాగండీ?

పాతరాయి:
కృష్ణాతీరం గారూ, లెక్కలో చిన్న తప్పు. గ్లూక్స్‌బర్గ్ ఓల్డెన్‌బర్గ్ చెట్టు కొమ్మే, వేరే ఇల్లు కాదు. మొదటి క్రిస్టియన్‌కి కూడా ఆడపిల్లల వైపు నుంచి పాత డేనిష్ రాజుల రక్తం ఉంది. ఇక తాకట్టు సంగతి. 1340లో వచ్చిన నాలుగో వాల్డెమార్ ఎవరు? గద్దె మీద చివర ఉన్న రెండో క్రిస్టోఫర్ కొడుకే. ముక్కా ముక్కా విడిపించుకున్నాడు. డబ్బు కోసం 1346లో ఉత్తర ఎస్తోనియాని అమ్మేశాడు. తాకట్టు విడిపించుకున్నవాడిని కొత్త ఆసామీ అంటామా?

నేనుండేది ఈ దేశంలోనే. కిందటి నవంబరులో యెలింగ్ అనే ఊరు వెళ్లాను. గోర్మ్ కొడుకు హరాల్డ్ (మన ఫోన్లలో బ్లూటూత్ అంటే ఈయన పేరే) తల్లిదండ్రుల గుర్తుగా నిలబెట్టిన పెద్ద రాయి అక్కడుంది. ఇప్పుడు దాని చుట్టూ అద్దాల పెట్టె. ఒక పక్క పాము చుట్టుకున్న జంతువు, ఇంకో పక్క తీగల మధ్య చేతులు చాచిన క్రీస్తు. డెన్మార్క్ అంతటినీ, నార్వేనీ గెలిచానని, డేనులను క్రైస్తవులను చేశానని చెక్కించాడు. ఆయన గెలిచానన్న ఆ డెన్మార్క్ పేరే ఈనాటికీ వాడుతున్నారు. నా దృష్టిలో ఆ కొనసాగింపే అసలైనది, రక్తం తర్వాతి మాట.

సున్నుండ:
ఇద్దరూ రక్తం గురించే కొట్టుకుంటున్నారు కానీ 1660 దాకా అక్కడ రాజుని ఎన్నుకునేవారు! గద్దెనెక్కే ముందు పెద్దల షరతుల పత్రం మీద సంతకం పెట్టాలి. స్వీడన్ యుద్ధాలతో ఖజానా ఖాళీ అయ్యాక, 1660లో పట్టణ వర్తకులు, మతాధికారులు మూడో ఫ్రెడరిక్ పక్కన చేరి ప్రభువుల నోరు మూయించారు. అప్పుడు వంశపారంపర్యం వచ్చింది, దానితోపాటే నిరంకుశత్వమూ. 1849 జూన్ 5న రాజ్యాంగం వచ్చేదాకా అదే నడిచింది.

ఇంకోటి. మార్గరెటె 1940లో పుట్టినప్పుడు ఆడపిల్లకి గద్దె హక్కే లేదు. తండ్రి తర్వాత వారసుడు బాబాయి క్నూడ్. 1953లో ప్రజలు ఓటేసి చట్టం మారిస్తేనే ఆమె వారసురాలైంది. ఆడామగా తేడా లేకుండా పెద్ద బిడ్డదే గద్దె అన్నది 2009లో మళ్లీ ఓటు వేశాకే. పాపం క్నూడ్ గారు ఓట్లలో పోగొట్టుకున్నాడు.

కృష్ణాతీరం:
అదే కదా నేననేది! ఎన్నిక, షరతులు, ఓటు... ప్రతి తరం కొత్తగా కుట్టుకున్న బొంత. దాన్ని గొలుసు అని అమ్ముతున్నారు.

తరంగంబాడి బాటసారి:
వారసత్వం అంటే కిరీటాలూ రాళ్లేనా? నాలుగో క్రిస్టియన్ కాలంలో 1620లో డేనులు తంజావూరు రఘునాథ నాయకుడి దగ్గర తమిళ తీరంలోని తరంగంబాడి పుచ్చుకున్నారు. మన తెలుగు రాజు ఆయన! ఆయన నాలుగో క్రిస్టియన్‌కి బంగారు రేకు మీద తమిళంలో రాయించి పంపిన లేఖ ఈనాటికీ వాళ్ల దస్తావేజుల భండారంలో ఉంది. తర్వాత నాలుగో ఫ్రెడరిక్ పంపిన మిషనరీలు 1706లో అక్కడికి చేరారు. ఆ మిషన్‌లోనే 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని, 1746లో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకం అచ్చు వేయించాడు.

ఇంకో పక్క డేనులు తమ కరీబియన్ దీవుల్లో బానిసల చేత చెరకు పండించారు. బానిసల రవాణాని 1792లో నిషేధించారు, కానీ పదేళ్ల గడువిచ్చి 1803 నుంచే అమల్లోకి తెచ్చారు. బానిసలకి విముక్తి 1848లో. 1917లో ఆ దీవులను రెండున్నర కోట్ల డాలర్లకి అమెరికాకి అమ్మేశారు. వెయ్యేళ్ల కథ చెప్పేవాళ్లు ఈ ఖాతా కూడా తీయాలి.

పాతరాయి:
బాటసారి గారూ, నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. నేనది వదిలేయడం తప్పే.

కృష్ణాతీరం గారికి ఒక్క ముక్క. రోస్కిల్డే చర్చిలో దాదాపు నలభైమంది రాజులూ రాణులూ సమాధుల్లో ఉన్నారు. అక్కడొక స్తంభం మీద వచ్చిన రాజుల ఎత్తులు గీతలు గీసి గుర్తు పెట్టారు. మీరన్న మొదటి క్రిస్టియన్ గీత దాదాపు 220 సెంటీమీటర్ల దగ్గరుంది! తర్వాత ఎముకలు కొలిస్తే తేలింది 188.

కృష్ణాతీరం:
ఆ తేడా గురించే నేను పొద్దుటి నుంచీ అరుస్తున్నది 😀

పాతరాయి:
188 కూడా పొడుగేనండీ. రాజు లేని ఆ ఎనిమిదేళ్లు మీకు వదిలేస్తాను, మిగతాది వదలను.