కేటీఎం దివాలా: సరఫరాదారుల కార్మికుల జీతం ఎవరిస్తారు?

ఆస్ట్రియా దివాలా చట్టం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆస్ట్రియా మోటార్‌సైకిళ్ల కంపెనీ కేటీఎం 2024 నవంబర్ 29న దివాలా ప్రక్రియ కోసం కోర్టుకెక్కింది. 2025 ఫిబ్రవరిలో అప్పులవాళ్లు 30 శాతానికి ఒప్పుకున్నారు, బజాజ్ సొమ్ము వచ్చాకే అది చెల్లింది. అంటే లక్ష యూరోల బిల్లు రావాల్సిన విడిభాగాల తయారీదారుకు దక్కేది 30 వేలు. మిగతా 70 వేలకు నీళ్లొదులుకోవాల్సిందే.

కేటీఎం సొంత కార్మికులకు ఫర్వాలేదు. ఆగిపోయిన నవంబర్ జీతం, క్రిస్మస్ బోనస్ ప్రభుత్వ దివాలా వేతన నిధి ఇచ్చింది. ఆ తర్వాతి జీతాలు కంపెనీ పూర్తిగా కట్టాలి. మరి ఆ 70 వేలు పోగొట్టుకున్న చిన్న యూనిట్ తాను దివాలా తీయకుండా జీతాలు మాత్రం ఆపేస్తే? అక్కడివాళ్లకు ఈ నిధి వర్తించదనే నా అవగాహన. సరైనదేనా? దావా తప్ప వేరే దారుందా?

ఇంకొకటి, రేసింగ్. 2025 మార్చి మొదట్లో థాయిలాండ్ మోటోజీపీ రేసులో కేటీఎం నాలుగు బైకులూ గ్రిడ్ మీదున్నాయి; మట్టిగ్‌హోఫెన్‌లోని కేటీఎం ఫ్యాక్టరీలో ఉత్పత్తి లైను మాత్రం 17న గానీ కదల్లేదు. రైడర్ల ఒప్పందాలను ‘ఇరువైపులా పూర్తికానివి’గా (రెండు పక్షాలూ ఇంకా పూర్తిగా నెరవేర్చనివిగా) చూసి కొనసాగించారా? రేసు ఆపితే బ్రాండుకు కొనేవాడే దొరకడని లెక్కేశారేమో. సెక్షన్ నంబరుతో చెబితే మరీ మంచిది.